సుఖదుఃఖాల మాటలు: తెలుగు, ఇంగ్లీషు అర్థాల పోలిక

సంతోషాన్నీ బాధనూ చెప్పే మాటలు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి కొలిచినట్టు సరిపోవు. ఇంగ్లీషు 'హ్యాపీనెస్' దగ్గర నిఘంటువు తెరిస్తే సంతోషం, సుఖం, ఆనందం వరసగా కనిపిస్తాయి. 'సఫరింగ్' దగ్గర బాధ, కష్టం, వేదన ఉంటాయి. వాడుకలో మాత్రం ఇవి ఒకదాని చోట ఒకటి కూర్చోవు. మనవరాలు పరీక్ష పాసైతే తాతకు కలిగేది సంతోషం, సుఖం కాదు. పరుపు మెత్తగా ఉంటే సుఖం. దాన్ని ఆనందం అంటే పక్కవాళ్ళు నవ్వుతారు. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద కూర్చున్నప్పుడు గాలి తగిలితే హాయి. ఈ హాయికి సరితూగే ఒక్క మాట ఇంగ్లీషులో దొరకదు.

ఈ పోలికకు నూజివీడు చుట్టుపక్కల మామిడి ఊళ్ళ వాడుకను ఆసరా చేసుకున్నాం. విజయవాడకు ఈశాన్యంగా ఉన్న నూజివీడు ఒకప్పటి జమీందారీ ఊరు. వీణల తయారీకీ పేరున్న చోటు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం వైపు ఎర్రనేలల్లో చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి కాస్తాయి. తోతాపురి కూడా ఉంది, దాన్ని ఇక్కడ కలెక్టరు అంటారు. మామిడి రైతు ఏడాదికొక్కసారే గెలవాలి, లేదా ఓడాలి. డిసెంబరు నుంచి జూన్ దాకా ఆశకూ దిగులుకూ మధ్య ఊగుతూనే ఉంటాడు. సుఖదుఃఖాల మాటలకు అంతకంటే మంచి పరీక్ష ఉండదు.

పూత నుంచి పండు దాకా

సంక్రాంతి రోజులకు కొమ్మలు పూత తొడుగుతాయి. పూత నిండుగా వచ్చిన తోటను చూస్తే రైతుకు కలిగేది మురిపెం. సంతోషానికీ మురిపేనికీ తేడా ఉంది. సంతోషం జరిగినదాన్ని గురించి, మురిపెం ఎదురుగా ఉన్నదాన్ని చూసుకోవడం గురించి. ఉయ్యాలలో బిడ్డను చూసీ మురిసిపోతారు, పూతను చూసీ మురిసిపోతారు. రెండిట్లోనూ రేపటి మీద ఆశ కలిసి ఉంటుంది, దిష్టి తగులుతుందేమోనన్న భయమూ ఉంటుంది.

ఆ భయం పేరు దిగులు. పొగమంచు ఎక్కువ పడితే, ఆకాశం మబ్బుపట్టి కదలకపోతే దిగులు మొదలవుతుంది. పూతలోని రసం పీల్చే పురుగు జిగటగా తీపి నీరు విసర్జిస్తుంది, దాని మీద నల్లటి మసి పడుతుంది. దానికి తెలుగులో తేనెమంచు పురుగు అని పేరు. తోటను నాశనం చేసేదానికి ఇంత కమ్మని పేరు ఇంకోటి ఉండదేమో. దిగులును ఇంగ్లీషులో 'వర్రీ' అంటే తేలికైపోతుంది, 'గ్రీఫ్' అంటే బరువైపోతుంది. జరగని నష్టానికి ముందే లోపల కుంగడం దిగులు. బెంగ దానికి చెల్లెలే కానీ వేరు. బెంగ మనిషి కోసం పుడుతుంది. అమ్మమ్మ ఊరి నుంచి వచ్చేసిన పిల్లాడు బెంగ పెట్టుకుని అన్నం మానేస్తాడు, ఒక్కోసారి జ్వరమూ తెచ్చుకుంటాడు. తోట కోసం ఎవరూ బెంగ పెట్టుకోరు. తోట అమ్ముకున్నవాళ్ళు తప్ప.

పూత మీదో పిందె మీదో తోటను గుత్తకిచ్చేయడం ఇక్కడ మామూలే. గుత్తకు తీసుకున్న వ్యాపారి కాపును చూడకుండానే డబ్బు కడతాడు. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వీచి కాయలు రాలితే ఇద్దరిలో ఒకరికి గుండె గుభేలుమంటుంది, ఇంకొకరికి హమ్మయ్య. ఈ 'హమ్మయ్య' ఇంగ్లీషు 'రిలీఫ్'కు దగ్గరే. కానీ అక్కడ అది నామవాచకం, ఇక్కడ ఊపిరి వదలడం.

కోసిన కాయ లారీలెక్కి విజయవాడ శివార్లలోని నున్న మార్కెట్టుకు పోతుంది. ధర పలికితే రైతు సంబరపడతాడు, పలకకపోతే ఉసూరుమంటూ తిరిగొస్తాడు. సంబరం నలుగురికీ కనబడేది, ఒంటరిగా సంబరపడటం కష్టం. ఉసూరుమనడం ఒంటరిదే, అందులో కోపం కూడా ఉండదు. ఉసురు అంటే ప్రాణం, ఊపిరి. అదే మాట శాపంగానూ పనిచేస్తుంది. 'వాళ్ళ ఉసురు తగిలింది' అంటే బాధపడ్డవాళ్ళ ఊపిరి బాధపెట్టినవాణ్ణి కొట్టిందని. ఇంగ్లీషులో బాధ అనుభవించినవాడి దగ్గరే ఉండిపోతుంది. తెలుగులో అది గోడ దాటి అవతలివాడి ఇంటికి వెళ్ళగలదు.

ఇక పండు. తైత్తిరీయోపనిషత్తు ఆనందమయ కోశాన్ని ఒక పక్షిగా చెబుతుంది. దానికి ప్రియం తల, మోదం కుడిరెక్క, ప్రమోదం ఎడమరెక్క, ఆనందం మొండెం. కోరిన వస్తువు కంటబడితే ప్రియం, చేతికందితే మోదం, అనుభవంలోకి వస్తే ప్రమోదం అని వేదాంతులు విడమరుస్తారు. ఉపనిషత్తు రాసినవాళ్ళు చిన్నరసం తిన్నారో లేదో కానీ ఆ వరస దానికి అచ్చంగా సరిపోతుంది. గడ్డిలో మాగిన పండు వాసన గది గుమ్మంలోనే ముక్కుకు తగులుతుంది. మామిడి వేడి చేస్తుందని పండ్లను బకెట్టు నీళ్ళలో నానేస్తారు. తడి చేత్తో పండు తీసుకుని, తొక్క చిట్లకుండా చుట్టూ మెల్లగా పిసకాలి. ముచ్చిక తీసి మొదటి రెండు చుక్కలు పిండి పారబోయాలి, సొన తగిలితే పెదవి మండుతుంది. అప్పుడు నోటికి పెట్టుకుని జుర్రుకోవాలి. చివర టెంక మిగులుతుంది. మోచేతి దాకా కారిన రసాన్ని నాకే పిల్లవాణ్ణి ఎలా ఉందని అడిగితే 'సంతోషంగా ఉంది' అనడు, 'మజాగా ఉంది' అంటాడు. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాటకు మొదటి అర్థం రుచి.

ఇంగ్లీషు మాటల పుట్టుక

'హ్యాపీ' అనే మాట 'హ్యాప్' నుంచి వచ్చింది. హ్యాప్ అంటే తటస్థపడినది, అదృష్టం. 'పర్‌హ్యాప్స్', 'హ్యాపెన్' దానికి చుట్టాలు. తొలిరోజుల్లో హ్యాపీ అంటే అదృష్టం కలిసొచ్చినవాడే. మనసులో ఎలా ఉందన్న అర్థం తరవాత వచ్చి చేరింది. జర్మన్‌లో 'గ్లూక్' ఇప్పటికీ అదృష్టమూ ఆనందమూ రెండూ. ఫ్రెంచి 'బొనూర్'లో ఉన్నదీ మంచి యోగమే. పూత మీద గుత్తకు తీసుకునే వ్యాపారికి ఈ అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

తెలుగువాళ్ళు అదృష్టాన్ని సంతోషంతో కలపలేదు. అదృష్టం అంటేనే కంటికి కనబడనిది. దానికి దేశి మాట నోచుకోవడం. 'ఆ భాగ్యానికి నోచుకోలేదు' అంటాం. నోచు, నోము రెండూ ఒక వేరువే, తమిళంలో ఆ వేరుకు ఓర్చుకోవడం, తపస్సు చేయడం అని అర్థం. ఇంగ్లీషువాడి హ్యాప్ ఊరికే వచ్చి పడేది, తెలుగువాడి భాగ్యం ముందు ఓర్చుకున్నదానికి దక్కేది. అందుకే 'నోములు పండాయి' అంటాం. పండటం అనే క్రియ ఇక్కడ దొరకడం మామిడి సీమకు బాగానే ఉంది. పంట పండుతుంది, కడుపు పండుతుంది, నోము పండుతుంది.

'గ్లాడ్'కు పాత అర్థం మెరిసేది, నున్ననిది. 'శాడ్' కథ ఇంకా వింత. పాత ఇంగ్లీషులో ఆ మాటకు కడుపు నిండినవాడని అర్థం. తృప్తిని చెప్పే 'శాటిస్‌ఫైడ్'తో దానికి చుట్టరికం ఉంది. నిండినవాడు కదల్లేడు, కదల్లేనివాడు బరువెక్కుతాడు, బరువెక్కినవాడు దిగాలుగా కనిపిస్తాడు. అలా మాట తిరగబడింది. తెలుగులో దీనికి సగందారిలో ఒక మజిలీ ఉంది, మొహం మొత్తడం. మే నెలాఖరుకు తోటలున్న ఇళ్ళలో పిల్లలకు రసాలు మొహం మొత్తుతాయి. ఇంగ్లీషు శాడ్ అక్కడ ఆగకుండా ఇంకో నాలుగడుగులు వేసింది.

బాధల వైపు మాటలన్నిటిలోనూ ఒక్కో దృశ్యం దాగుంది. 'పెయిన్' లాటిన్‌లో జరిమానా, శిక్ష. పీనల్ కోడ్‌లో ఉన్నదీ అదే. 'గ్రీఫ్' బరువు, మన గుండె బరువెక్కడం లాంటిదే. 'యాంగ్విష్' ఇరుకు. ఇరకాటంలో పడ్డవాడికి అది అర్థమవుతుంది. 'సఫర్' అంటే కింద ఉండి మోయడం. ఈ చివరి మాట దగ్గర తెలుగు సామెత ఒకటి ఎదురొస్తుంది, కష్టసుఖాలు కావడికుండలు. ఇంగ్లీషులో భుజాన పడేది బాధ ఒక్కటే. కావడి మోసేవాడికి రెండు కుండలూ బరువే, ఒకటి దించితే రెండోదీ నిలవదు.

ఇరుసులో రంధ్రం

సుఖం, దుఃఖం సంస్కృతం నుంచి వచ్చిన జంట. 'ఖ' అంటే రంధ్రం, ఆకాశం. బండిచక్రం నడుమ ఇరుసు దూరే రంధ్రం సరిగ్గా ఉంటే సుఖం, సరిగ్గా లేకపోతే దుఃఖం అని ఒక వ్యుత్పత్తి. మంచిగా నిలిచినది, చెడ్డగా నిలిచినది అనే అర్థంలో 'స్థ' నుంచి వచ్చాయని ఇంకో వాదం. పండితులు రెండో దానివైపూ మొగ్గుతారు కానీ, కందెన లేని ఇరుసు మీద కిర్రుకిర్రుమంటూ పోయే ఎడ్లబండి ఎక్కినవాడెవడైనా మొదటిదానికే ఓటేస్తాడు.

ఏలూరు జిల్లాలోనే కామవరపుకోట మండలం గుంటుపల్లిలో క్రీస్తుకు ముందునాటి బౌద్ధ గుహలున్నాయి. అక్కడ నివసించిన భిక్షువులకు దుఃఖం మొదటి ఆర్యసత్యం. ఆ దుఃఖాన్ని ఇంగ్లీషులోకి తేవడానికి అనువాదకులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. 'సఫరింగ్' అన్నవారున్నారు, అసంతృప్తి అనే అర్థమిచ్చే మాట వేసినవారున్నారు, 'స్ట్రెస్' అన్నవారూ ఉన్నారు. తెలుగువాళ్ళకు ఆ తంటా లేదనిపిస్తుంది, మాట మన చేతిలోనే ఉంది కదా. కానీ మన వాడుకలో దుఃఖం ఇరుకైపోయింది. 'దుఃఖం పొంగుకొచ్చింది', 'దుఃఖం ఆపుకోలేకపోయింది' అన్నప్పుడు అది దాదాపు కన్నీళ్ళే. బుద్ధుడు చెప్పినది ఇరుసులోని లోపం. మనం చెప్పేది బండి బోల్తాపడ్డాక ఏడుపు.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు తెలుగులో బాధవైపు ఒరగడం ఒక అలవాటులా కనిపిస్తుంది. విచారం సంస్కృతంలో ఆలోచన. కన్నడంలో ఇప్పటికీ సంగతి, ఆలోచన. తెలుగులో అది దిగాలు. చింత తలపు, మనకు దిగులు (చెట్టు చింత వేరు). వేదన తెలియడం, అనుభూతి. బౌద్ధంలో సుఖవేదన కూడా ఉంది. తెలుగులో సుఖవేదన అంటే ఎవరికీ బోధపడదు. సంస్కృతాన్ని తప్పుబట్టి లాభం లేదు, ఇంగ్లీషుకూ మనం ఇదే చేశాం. 'ఫీల్' అంటే ఏ అనుభూతైనా సరే. 'వాడు ఫీలయ్యాడు' అంటే తెలుగులో నొచ్చుకున్నాడనే. ఆలోచించడమూ తెలియడమూ బాధకు దారితీస్తాయని మన భాష ఎప్పుడో తీర్మానించుకున్నట్టుంది.

కష్టం

'సఫరింగ్'కు కష్టం అని రాసే అనువాదకుడు ఒక పెద్ద గోతిలో కాలు పెడుతున్నట్టే. కష్టం బాధ మాత్రమే కాదు, పని. 'కష్టపడి పైకొచ్చాడు' అంటే కుర్రాడు బాధలు అనుభవించాడని కాదు, ఒళ్ళు వంచి పనిచేశాడని. కష్టజీవి, కష్టార్జితం, రెక్కల కష్టం గౌరవంగా పలికే మాటలు. చిక్కం కట్టిన గెడ పట్టుకుని తెల్లవారుజాము నుంచి కాయ కోసే కూలీ తన కూలి డబ్బును కష్టం అనే అంటాడు: 'నా కష్టం నాకివ్వండి.' బాధను ఇమ్మని ఎవరూ అడగరు.

ఇంగ్లీషు మరోచోట ఇలాంటి ముడే వేసింది. అక్కడ 'లేబర్' అంటే పనీ, పురిటినొప్పులూ. తెలుగు ఆ నొప్పులకు కష్టం అనే పేరు పెట్టలేదు. 'నొప్పులు పడుతోంది' అంటుంది, తరవాత అదే కాన్పును సుఖప్రసవం అంటుంది. కన్నతల్లిని అడిగి పెట్టిన పేరులా లేదు. సుఖం మొదటినుంచీ ఒంటికి చెందిన మాట. సుఖప్రసవం, సుఖప్రయాణం, సుఖవ్యాధి అన్నిట్లోనూ శరీరమే ఉంది. మనసు గురించి చెప్పాలంటే సంతోషం కావాలి, ఇంకా లోతైతే ఆనందం. ఇంగ్లీషు 'ప్లెజర్', 'హ్యాపీ', 'బ్లిస్' ఈ మెట్లకు కొంత దగ్గరగా వస్తాయి.

ఇద్దరు ఆడపడుచులు అరుగు మీద కూర్చుని 'కష్టసుఖాలు మాట్లాడుకుంటున్నారు' అంటే, వాళ్ళు బాధల పట్టిక చదువుకోవడం లేదు. కోడలి సంగతి, కాపు సంగతి, కిందటేడు పెట్టిన ఆవకాయ సంగతి అన్నీ వస్తాయి. జంటలో కష్టం ముందుంటుంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వుకూ బెల్లానికీ కష్టసుఖాలని అర్థం చెబుతారు. మామిడి పిందె పులుపు దేనికి గుర్తంటే ఇంటికో సమాధానం.

నాకు, నేను

తేడా మాటల్లోనే కాదు, వాక్యంలోనూ ఉంది. ఇంగ్లీషులో మనిషి కర్త. 'నేను' హ్యాపీ, 'నేను' శాడ్. తెలుగులో 'నాకు సంతోషంగా ఉంది', 'నాకు బాధగా ఉంది'. ఆకలి, జ్వరం, నిద్ర, కోపం వచ్చినట్టే సంతోషమూ మనిషి దగ్గరికి వస్తుంది. మనిషి దానికి చోటు మాత్రమే.

క్రియగా మార్చాలంటే తెలుగు రెండు వైపులకూ ఒకే తోక తగిలిస్తుంది: పడు. సంతోషపడు, సుఖపడు, సంబరపడు. బాధపడు, కష్టపడు, దిగులుపడు. నామవాచకం చెప్పకుండా 'ఎన్ని పడ్డాం!' అంటే మాత్రం అన్నీ కష్టాలే. సుఖాలు అలా లెక్కకు రావు.

కడుపు, చలవ

ఇంగ్లీషులో భావాలకు ఇల్లు గుండె. తెలుగులో గుండె ఉంది, మనసు ఉంది, అయినా లోతైనవన్నీ కడుపులోనే ఉంటాయి. బిడ్డ మీద ప్రేమ కడుపుతీపి, బిడ్డ పోతే కడుపుకోత, పక్కింటి కాపు చూస్తే కడుపుమంట, ఆకలిగొన్నవాణ్ణి చూస్తే కడుపు తరుక్కుపోతుంది, దీవిస్తే 'నీ కడుపు చల్లగా'.

ఈ చల్లదనమే ఇంగ్లీషుకు బొత్తిగా ఎదురు. చలిదేశపు భాషకు ఆప్యాయత వెచ్చన, పట్టనితనం చలి. నూజివీడులో మే ఎండలకు వెచ్చదనం దీవెన ఎలా అవుతుంది? పిల్లాపాపలతో చల్లగా ఉండాలి, చల్లని కబురు వినాలి. దుఃఖం మాత్రం మంట. శోకం అనే మాట పుట్టిన ధాతువుకే మండటమని అర్థం. తాపం, పరితాపం వేడే. మనుషులు ఉడుక్కుంటారు, రగిలిపోతారు. కొత్త కవిత్వంలో 'వెచ్చని స్నేహం' కనిపిస్తుంది కానీ, అది ఇంగ్లీషు చదువుల నుంచి వచ్చిన వేడి.

ఒంటి బాధల్లో తెలుగు చాలా సంపన్నం. 1975లో రొనాల్డ్ మెల్జాక్ రూపొందించిన మెక్‌గిల్ ప్రశ్నావళి రోగి తన నొప్పిని చెప్పుకోవడానికి 78 ఇంగ్లీషు మాటలను 20 గుంపులుగా పేర్చింది. తెలుగు రోగి ప్రశ్నావళి లేకుండానే పోటు, సలుపు, మంట, పీకులు, తీపులు అని విడివిడిగా చెబుతాడు. కాలు పీకుతుంది, వేలు సలుపుతుంది, కన్ను చురుక్కుమంటుంది, నడుము కలుక్కుమంటుంది. డాక్టరు మాత్రం చీటీ మీద అన్నిటికీ 'పెయిన్' అనే రాస్తాడు.

నిఘంటువులు, సూచీలు

మచిలీపట్నంలోనూ కొంతకాలం కొలువు చేసిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. వాడుక మాటలకు అందులో చోటిచ్చాడు, అది చిన్న సంగతి కాదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది, అందులో కావ్యభాషదే పెద్దపీట. రైతుల నోటి మాటలు పోగుచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో వచ్చింది. తెగుళ్ళకూ పనిముట్లకూ అలాంటి కోశం ఉంది. దిగులుకూ బెంగకూ ఉసూరుకూ ఊరూరా తిరిగి చేసిన కోశం ఇంకా కావాలి.

భాషావేత్త ఆనా వియెజ్‌బిత్స్‌కా 1999 నాటి గ్రంథంలోనూ ఇతర రచనల్లోనూ ఒక హెచ్చరిక చేసింది: ఇంగ్లీషు మాటలను కొలబద్దగా పెట్టుకుని మిగతా భాషల వాళ్ళ మనసులను కొలవకూడదు. నేటి ఇంగ్లీషులో హ్యాపీ చాలా తేలికపడిందనీ, ఫ్రెంచి, జర్మన్ మాటల బరువు దానికి లేదనీ ఆమె వాదం. ఒప్పందానికి సరేననడానికి కూడా 'హ్యాపీ' అనే భాష అది. ఈ హెచ్చరిక ప్రభుత్వాలకు చేరినట్టు లేదు. మధ్యప్రదేశ్ 2016లో ఆనంద విభాగం పెట్టింది, అమరావతి 2018 ఏప్రిల్‌లో ఆనంద నగరాల సదస్సు జరిపింది. హ్యాపీనెస్‌కు ఆనందం అని వేయడంతో మునిసిపాలిటీ కుళాయిల మీద ఉపనిషత్తు బరువు పడింది. కులాసా అని ఉంటే సరిపోయేది. ప్రపంచ హ్యాపీనెస్ నివేదిక 2024లో 143 దేశాల్లో భారతదేశానికి 126వ స్థానం ఇచ్చింది. నిచ్చెనలో మీరు 0 నుంచి 10లో ఏ మెట్టు మీద ఉన్నారన్న ప్రశ్న మీద ఆ లెక్క కట్టారు. ఆ ప్రశ్నలో హ్యాపీ అనే మాటే లేదు.

సినిమా పేర్లు ఈ విషయంలో నిఘంటువుల కంటే చురుకు. 1968లో 'సుఖదుఃఖాలు' వచ్చింది. 2001లో 'ఆనందం', అదే ఏడు 'ఖుషి', 2002లో 'సంతోషం', 2006లో 'హ్యాపీ'. సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు ఆరేళ్ళలో పోస్టర్ల మీదకెక్కాయి. హాయి, నెమ్మది, నిమ్మళం లాంటివి పోస్టరుకు పనికిరావు, అవి నిశ్శబ్దంగా ఉండే మాటలు. ఇప్పుడు తోటల ఊళ్ళలోనూ కుర్రవాళ్ళు 'హ్యాపీగా ఉన్నా'మంటారు. కాపు పోయిన ఏడు మాత్రం 'శాడ్‌గా ఉన్నా'మని ఎవరూ అనరు, 'దెబ్బతిన్నాం' అంటారు.

మాటగా మారకముందు వచ్చే శబ్దం ఒకటుంది. ఇంగ్లీషులో దెబ్బ తగిలితే ఒక అరుపు, రుచి తగిలితే ఇంకో అరుపు. తెలుగులో ముచ్చిక తీస్తున్నప్పుడు సొన చింది పెదవి మీద పడితే 'అబ్బ!' అంటారు. ఆ వెంటనే పండు నోటికందితే, గొంతు కాస్త సాగదీసి, మళ్ళీ 'అబ్బ!' అనే అంటారు.